హెపటైటిస్-సి చికిత్స: జన్యుపరీక్షకు డబ్బు ఖర్చు చేయవలెనా?

పిల్లలకు ఆముదం పట్టించే అలవాటున్న ఇండ్లలో పెద్దవారికి ఒక సంగతి బాగా తెలిసి ఉండేది. ఒక బిడ్డకు చిన్న చెంచాడు చాలును. అదే తల్లి కడుపున పుట్టిన మరొక బిడ్డకు దానికి రెండింతలు పోసినా కదలిక ఉండదు. ఆయుర్వేదం దీనిని కోష్ఠభేదమన్నది. మృదుకోష్ఠం కలవారికి పాలు, ద్రాక్ష, చెరకురసం వంటివే విరేచనకారులు. క్రూరకోష్ఠం కలవారికి తీక్ష్ణమైన ఔషధం కూడా ఒక పట్టాన పనిచేయదు. అందుచేతనే వైద్యుడు ఔషధాన్ని నిర్ణయించే ముందు మనిషిని పరీక్షించవలెననీ, ప్రకృతి, వికృతి, సారం, సాత్మ్యం, సత్త్వం, ఆహారశక్తి, వయస్సు మొదలైన పది విషయాలను గమనించవలెననీ చరకసంహితలోని విమానస్థానం చెబుతున్నది.

ఇదే ప్రశ్నను ఆధునిక వైద్యం మరొక భాషలో అడుగుతున్నది. ఒకే మందు ఇద్దరికి ఇచ్చినప్పుడు ఒకరికి గుణం కనబడి, రెండవవారికి కనబడకపోవడానికి కారణం వారి జన్యువులలో ఉన్నదా? ఉన్నచో, మందు మొదలుపెట్టకముందే రక్తపరీక్షతో దానిని తెలుసుకొనవచ్చునా? ఈ ప్రశ్నకు స్పష్టమైన జవాబు లభించిన వ్యాధులలో హెపటైటిస్-సి ముఖ్యమైనది. 2009లో లభించిన ఆ జవాబు నిజమైనదే, గొప్పదే. అయినను, ఈనాడు ఇంట ఒకరికి హెపటైటిస్-సి ఉన్నదని తెలిస్తే, ఆ జన్యుపరీక్ష కొరకు ఒక్క రూపాయి ఖర్చు చేయనక్కరలేదనీ, దాని ఫలితం కొరకు చికిత్సను ఒక్క వారమైనా వాయిదా వేయరాదనీ నా అభిప్రాయం. పరీక్ష తప్పని నేను అనడం లేదు. అది ఏ మందును గురించి చెప్పినదో ఆ మందే ఈ వ్యాధిలో వాడుక తప్పిపోయినది. ఈ సంగతి ప్రకటనలలో కనబడదు కనుక కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది.

కాలేయవ్యాధి అనగానే మన ఇండ్లలో పచ్చకామెర్లే గుర్తుకు వస్తాయి. కలుషితమైన నీటివలన, ఆహారంవలన వచ్చే హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఇ రకాలలో కళ్ళు పచ్చబడతాయి, మూత్రం రంగు మారుతుంది, అన్నం సహించదు. పసరు మందు పుచ్చుకొని, నూనె మానివేసి, పథ్యం పాటిస్తే కొన్ని వారాలలో తగ్గుతుంది. చాలామందికి ఏ మందూ లేకపోయినా తగ్గే వ్యాధి అది. (గర్భిణీస్త్రీలకు మాత్రం ఇ-రకం ప్రాణాంతకం కాగలదు, వారిని ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.) పసరు మందుకు వచ్చిన పేరులో ఎక్కువ భాగం ఈ రెండు వ్యాధులవలన వచ్చినదేనని చెప్పక తప్పదు.

హెపటైటిస్-సి తీరు పూర్తిగా వేరు. అది నీటివలన రాదు, రక్తంవలన వస్తుంది. పరీక్షించని రక్తాన్ని ఎక్కించుకొనుట, సరిగా శుద్ధి చేయని సూదులు, డయాలిసిస్ కేంద్రాలలో అజాగ్రత్త, పచ్చబొట్టు సూదులు, మత్తుమందు వాడేవారు ఒకే సిరంజిని పంచుకొనుట దీనికి ప్రధాన మార్గాలు. వైరస్‌ను 1989లో కనుగొన్నారు. అంతకుముందు దాని పేరు కూడా లేదు. 'ఎ కాదు, బి కాదు' అని మాత్రమే పిలిచేవారు. ఈ కృషికి హార్వీ ఆల్టర్, మైకేల్ హౌటన్, చార్లెస్ రైస్ అనే ముగ్గురికి 2020లో నోబెల్ బహుమతి లభించినది. మన దేశంలో దాతల రక్తాన్ని ఈ వైరస్ కొరకు తప్పనిసరిగా పరీక్షించడం 2001లో మొదలైనది. అంతకు పూర్వం కాన్పు సమయంలోనో, శస్త్రచికిత్సలోనో, ప్రమాదం జరిగినప్పుడో రక్తం ఎక్కించుకొన్నవారు ఈ మాటను జాగ్రత్తగా గమనింతురు గాక.

వైరస్ సోకిన నూరు మందిలో సుమారు ముప్పది మందికి ఆరు నెలలలోపల అది తనంతట తాను పోతుంది. మిగిలిన డెబ్బది మందిలో కాలేయంలోనే నిలిచిపోతుంది. నిలిచినప్పటికీ నొప్పి లేదు, కామెర్లు లేవు; కొంత నీరసం, అంతే. అలా ఇరవై ఏండ్లు గడిచేసరికి ఆ డెబ్బది మందిలో నూటికి పదిహేను నుండి ముప్పది మంది వంతున కాలేయం గట్టిపడి సిర్రోసిస్ ఏర్పడుతుంది. పొట్టలో నీరు చేరి జలోదరం కావచ్చును, రక్తపు వాంతులు కావచ్చును, కొందరిలో కాలేయ కేన్సరుకు దారితీయవచ్చును. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారం 2022లో ఈ వ్యాధితో రెండు లక్షల నలభై వేలమందికి పైగా మరణించారు. దీనికి టీకా లేదు.

ఇక చికిత్స. 1991 నుండి ఇంటర్‌ఫెరాన్ అనే ఇంజక్షను ఉండేది. శరీరం వైరస్‌ను ఎదిరించడానికి తనకు తాను తయారుచేసుకొనే పదార్థాలలో ఇది ఒకటి. దానినే బయటినుండి పెద్ద మోతాదులో ఇచ్చేవారు. 1998లో దానికి రైబావిరిన్ మాత్రలు తోడైనవి. 2001 నుండి వారానికి ఒక్కసారి ఇస్తే చాలిన 'పెగిలేటెడ్' ఇంటర్‌ఫెరాన్ వచ్చినది. ఒకటవ రకం వైరస్ ఉన్నవారు 48 వారాలు, రెండు, మూడు రకాలవారు 24 వారాలు ఈ చికిత్స తీసుకొనవలసి వచ్చేది. తీసుకొన్నవారికే ఆ బాధ తెలుసును. ఇంజక్షను వేసిన ప్రతి పర్యాయం చలిజ్వరం, ఒళ్ళునొప్పులు. నెలలు గడిచేకొలది జుట్టు రాలుట, బరువు తగ్గుట, థైరాయిడ్ చెడుట. రైబావిరిన్‌వలన రక్తం తగ్గి పాలిపోయేవారు. అన్నిటికంటె దారుణం మనోవ్యాకులత. ఆత్మహత్య ఆలోచనలవరకు పోయినవారు ఉన్నారు. దీనికి లక్షల రూపాయలు ఖర్చు. ఇంతా చేస్తే ఒకటవ రకం వైరస్ ఉన్నవారిలో నూటికి 40 నుండి 50 మందికి మాత్రమే నయమయ్యేది. రెండు, మూడు రకాలవారిలో 70 నుండి 80 మందికి నయమయ్యేది.

ఈ పరిస్థితిలో ఒక గృహస్థు డాక్టరును ఏమని అడుగుతాడు? "ఇన్ని లక్షలు పోసి, సంవత్సరంపాటు మనిషిని మంచాన పడవేసిన తరువాత, ఇది మావానికి పనిచేస్తుందని నమ్మకమేనా?" అని అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న. 2009వరకు డాక్టరు దగ్గర దానికి సూటియైన జవాబు లేదు. వయస్సు, బరువు, వైరస్ రకం, కాలేయం ఎంత చెడినది అనే విషయాలను కూడి, అటూ ఇటూగా ఒక అంచనా చెప్పేవాడు.

ఆ సంవత్సరం అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ గోల్డ్‌స్టీన్ బృందం ఒక ఫలితాన్ని ప్రచురించినది. ఒకటవ రకం వైరస్‌కు ఇంటర్‌ఫెరాన్ తీసుకొన్న వెయ్యిమందికి పైగా రోగుల జన్యుపదార్థాన్ని వారు ఆమూలాగ్రం గాలించారు. 19వ క్రోమోజోము మీద, ఐ.ఎల్. 28-బి అనే జన్యువుకు సమీపంలో ఒకే ఒక్క అక్షరం దగ్గర మనుషులలో తేడా కనబడినది. కొందరిలో ఆ స్థానంలో 'సి' అనే అక్షరం, కొందరిలో 'టి' అనే అక్షరం ఉంటుంది. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి వస్తాయి కనుక సి-సి, సి-టి, టి-టి అని మూడు విధాల మనుషులుంటారు. సి-సి వారిలో మందు పనిచేసే అవకాశం మిగిలినవారికంటె సుమారు రెండింతలు. అదే సంవత్సరం ఆస్ట్రేలియా, జపాన్ శాస్త్రజ్ఞులు విడివిడిగా పనిచేసి అదే జన్యువు దగ్గరకు చేరుకొన్నారు. మూడు దేశాలవారు మూడు దారులలో వచ్చి ఒకే గుమ్మం ముందు కలుసుకొన్నారంటే ఆ ఫలితాన్ని శంకించవలసిన పని లేదు. మందు లేకుండానే వైరస్ పోగొట్టుకొనే అదృష్టవంతులలో కూడా సి-సి వారే ఎక్కువని ఆ సంవత్సరమే తేలినది.

మరొక చిక్కుముడి కూడా దీనితో కొంతవరకు విడిపోయినది. అమెరికాలో నల్లజాతివారికి ఇంటర్‌ఫెరాన్ తక్కువగా పనిచేస్తుందని ముందునుండీ తెలిసినదే. వారు మందులు సరిగా వాడరనీ, మరొకటనీ నిందలు మోపినవారు లేకపోలేదు. 'సి' అక్షరం వారిలో తక్కువగా, తూర్పు ఆసియావాసులలో చాలా ఎక్కువగా ఉంటుందనీ, యూరోపు సంతతివారికీ నల్లజాతివారికీ మధ్య ఫలితాలలో కనబడే తేడాలో దాదాపు సగం దీనివలననేననీ తేలినది. రోగిని నిందించేముందు వైద్యుడు రెండుసార్లు ఆలోచించవలెననడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

2013లో అమెరికా జాతీయ కేన్సర్ సంస్థ శాస్త్రజ్ఞులు అదే చోట మరొక విచిత్రం చూచారు. కొందరి శరీరంలో అక్కడినుండి నాలుగవ లాంబ్డా ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థం తయారవుతుంది, కొందరిలో కాదు. వైరస్‌ను ఎదిరించే జాతి పదార్థం కనుక అది తయారయ్యేవారికి మేలు కలగవలెను గదా! జరిగేది దానికి విరుద్ధం. అది తయారుకానివారిలోనే వైరస్ సులభంగా పోతున్నది. శరీరం లెక్కలు మన లెక్కలవలె ఉండవు.

ఇంతవరకు శాస్త్రాన్ని మెచ్చుకొనవలసిన భాగం. ఇక ఒక రోగి చేతికి ఆ కాగితం వచ్చినప్పుడు దానిలో ఉన్నదెంతో చూడవలెను. 2010లో వెలువడిన వివరమైన లెక్కలలో, యూరోపు సంతతివారికి సంబంధించిన అంకెలు ఇవి: సి-సి వారిలో నూటికి 69 మందికి నయమైనది, సి-టి వారిలో 33 మందికి, టి-టి వారిలో 27 మందికి. తేడా చాలా పెద్దది, సందేహం లేదు. కాని కాగితంలో టి-టి అని వచ్చిన నూరుమందిని 'మీకు పనిచేయదు' అని ఇంటికి పంపివేస్తే, నయం కావలసిన ఇరవైఏడుమంది కూడా వారితోపాటు వెళ్ళిపోతారు. సి-సి అని వచ్చినదని సంబరపడిన నూరుమందిలో ముప్పదిఒక్కరు సంవత్సరమంతా బాధపడి వట్టి చేతులతో మిగులుతారు. సమూహాన్ని గురించి ఆ పరీక్ష నిజం చెప్పినది. ఎదురుగా కూర్చున్న ఫలానా మనిషిని గురించి అది చెప్పగలిగినది ఒక పాలు ఎక్కువ, ఒక పాలు తక్కువ అని మాత్రమే. మన జనం జాతకం చూపించుకొన్నట్లు రక్తపరీక్ష కాగితాన్ని చూస్తారు. అంకె ఎర్రగా ఉంటే గుండె జారిపోతుంది. అటువంటి ఇంట్లో ఈ కాగితం ఎంత పని చేయగలదో ఊహించుకొనవచ్చును.

ఆ లెక్కలలోనే మరొక సంగతి ఉన్నది. దానిని ఎందుకో ఎక్కువమంది చెప్పుకోరు. మందు మొదలుపెట్టిన నాలుగు వారాలకే రక్తంలో వైరస్ కనబడకుండా పోయినవారికి, జన్యువు ఏదైనప్పటికీ, చివరకు నయమయ్యే అవకాశం ఎక్కువగా ఉండినది. అనగా నాలుగు వారాలు మందు వాడి చూచినప్పుడు శరీరం స్వయంగా ఇచ్చిన జవాబు, పుట్టుకతో వచ్చిన అక్షరం ఇచ్చిన జవాబుకంటె దగ్గరది. నిదానపంచకంలో ఉపశయం అనేదానికి ప్రత్యేక స్థానం ఉన్నదని మన పాఠకులకు విదితమే. ఆహారమో, ఔషధమో ఇచ్చి, శరీరం దానిని ఎట్లు స్వీకరించినదో చూచి వ్యాధిని నిర్ణయించుట ఉపశయం. ఆ పద్ధతికి కాలం చెల్లలేదని ఈ లెక్క చూచినప్పుడు నాకు అనిపించినది.

మన దేశానికి వచ్చేసరికి ఆ పరీక్ష విలువ ఇంకా తగ్గుతుంది. ఈ పరిశోధనలు జరిగినది ఒకటవ రకం వైరస్ మీద. మన దేశంలో అన్నిటికంటె ఎక్కువగా కనబడేది మూడవ రకం. ఒకటవ రకం దాని తరువాత వస్తుంది. మూడవ రకానికి ఇంటర్‌ఫెరాన్ ఎట్లాగూ మెరుగుగా పనిచేసేది, దానిలో ఈ జన్యువు ప్రభావం అంత బలంగా కనబడలేదు. అమెరికాలో కొలిచిన కొలతను తెచ్చి మనకు కుట్టిన చొక్కా వంటిది ఇది. భుజాల దగ్గరో చేతుల దగ్గరో ఎక్కడో ఒకచోట పట్టదు.

ఇంతలో మందులే మారిపోయినవి. శరీరాన్ని రెచ్చగొట్టి వైరస్ మీదికి పంపే పద్ధతి పోయి, వైరస్ తన ప్రతులను తాను తయారుచేసుకొనే యంత్రాంగాన్నే నేరుగా ఆపివేసే మాత్రలు వచ్చినవి. 2011లో వచ్చిన మొదటి రెండు మందులను ఇంకా ఇంటర్‌ఫెరాన్‌తో కలిపే వాడవలసి వచ్చేది. 2013 డిసెంబరులో అమెరికాలో సోఫోస్‌బువిర్‌కు అనుమతి లభించినది. తరువాత దానికి డక్లాటస్‌విర్, లెడిపాస్‌విర్, వెల్పాటస్‌విర్ వంటివి జతకూడినవి. రోజుకు ఒకటి లేక రెండు మాత్రలు, సాధారణంగా 12 వారాలు. ఇంజక్షను లేదు, చలిజ్వరం లేదు. నూటికి 95 మంది ప్రాంతంలో పూర్తిగా నయమవుతున్నది. సి-సి వారికీ టి-టి వారికీ చెప్పుకొనదగిన తేడా కనబడదు. ఇది సహజమే. ఇంటర్‌ఫెరాన్ పనిచేయవలెనంటే రోగి శరీరం సహకరించవలెను, కనుక రోగి జన్యువుతో పని ఉండినది. కొత్త మందు వైరస్‌తోనే వ్యవహరిస్తుంది. రోగి ఏ అక్షరంతో పుట్టాడని అది అడగదు.

ధర విషయంలో మాత్రం మొదట్లో ఘోరంగా ఉండేది. అమెరికాలో ఒక మాత్ర వెయ్యి డాలర్లు, 12 వారాలకు 84 వేల డాలర్లు. అంత సంపన్న దేశంలోనే పేదల ఆరోగ్యపథకాలను నడిపే అనేక రాష్ట్రాలు, కాలేయం బాగా చెడినవారికి మాత్రమే ఈ మందు ఇస్తామని నిబంధనలు పెట్టినవి. అనగా, నయం చేసే మందు ఎదురుగా ఉండగా రోగిని 'ఇంకా కొంచెం చెడిపోయి రా' అని పంపివేయుట! ఖరీదైన మందును ఎవరికి ఇవ్వరాదో చెప్పడానికి ఏదో ఒక కొలబద్ద కావలసి వస్తుంది. ఆ రోజులలో ఇంటర్‌ఫెరాన్ ఇంకా రంగంలో ఉండి ఉంటే, ఈ జన్యుపరీక్ష కాగితమే ఆ కొలబద్దగా మారి ఉండేది కాదని ఎవరు చెప్పగలరు? జన్యుపరీక్షలను గురించి నాకు గల ప్రధానమైన భయం ఇదే. రోగికి సహాయంగా పుట్టినది, డబ్బు చెల్లించేవారి చేతిలో రోగిని వడపోసే జల్లెడ కాగలదు.

ఆ జల్లెడ అవసరం లేకుండా చేసినవారిలో మన హైదరాబాదు వారున్నారు. 2014 సెప్టెంబరులో సోఫోస్‌బువిర్ హక్కులు గల అమెరికా కంపెనీ, 91 అభివృద్ధి చెందుతున్న దేశాల కొరకు ఆ మందును చవకగా తయారుచేసేందుకు మొదట ఏడు భారతీయ సంస్థలకు అనుమతినిచ్చినది. వాటిలో హెటెరో ఒకటి. 2015 మార్చిలో నాట్కో కూడా అనుమతి పొంది, 28 మాత్రల సీసాను సుమారు 20 వేల రూపాయల గరిష్ఠ ధరకు విడుదల చేసినది. పోటీవలన ధరలు తరువాత ఇంకా దిగివచ్చినవి. 2016లో పంజాబు ప్రభుత్వం ఉచిత చికిత్స మొదలుపెట్టినది. 2018 జులై 28న కేంద్రప్రభుత్వం జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించినది. దాని క్రింద వైద్యకళాశాలలు, జిల్లా ఆసుపత్రులలోని చికిత్సాకేంద్రాలలో పరీక్షలు, మందులు ఉచితంగా లభిస్తున్నవి. మధ్యతరగతి కుటుంబాలకు ప్రభుత్వాసుపత్రి గడప తొక్కడానికి ఒక సంకోచం ఉండడం నిజమే. ఈ ఒక్క వ్యాధి విషయంలో ఆ సంకోచం మానుకొనమని కోరుతున్నాను. అక్కడ ఇచ్చే మందు ఏ కార్పొరేట్ ఆసుపత్రిలో ఇచ్చేదానికీ తీసిపోదు.

ఇప్పుడు కావలసిన పరీక్షలేవి? మొదట సి-వైరస్ ప్రతిరక్షకాల పరీక్ష. అది ఉన్నదని వచ్చినంతమాత్రాన వ్యాధి ఇప్పుడున్నదని కాదు. తనంతట నయమైనవారిలోను, మందుతో నయమైనవారిలోను కూడా అది జీవితాంతం అట్లాగే వస్తూ ఉండవచ్చును. ఈ సంగతి తెలియక, నయమైనవారిని కూడా రోగులుగా చూచే ఇండ్లున్నవి. అసలు తేల్చి చెప్పేది రక్తంలో వైరస్ ఉన్నదా అని చూచే ఆర్.ఎన్.ఎ. పరీక్ష. అది ఉన్నదంటే చికిత్స కావలెను. దానితోపాటు కాలేయం గట్టిపడినదా లేదా అనే అంచనా, మూత్రపిండాల పరీక్ష, మరియు హెపటైటిస్-బి పరీక్ష. చివరిది మరువరాదు. బి-వైరస్ కూడా లోపల దాగి ఉన్నవారిలో, సి-వైరస్‌ను అణచగానే అది విజృంభించిన సందర్భాలు ఉండుటచేత 2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక జారీ చేసినది. మందు ముగిసిన 12 వారాల తరువాత మరల ఆర్.ఎన్.ఎ. పరీక్షలో వైరస్ లేదని వస్తే నయమైనట్లే. కాని అప్పటికే సిర్రోసిస్ వచ్చినవారు వైరస్ పోయిన పిదప కూడా ఆరు నెలలకొకసారి స్కానింగ్ చేయించుకొంటూ ఉండవలెను. ఈ జాబితాలో ఐ.ఎల్. 28-బి పరీక్షకు చోటు లేదు. ఏ ప్రయోగశాల పట్టికలోనైనా అది కనబడి, ఎవరైనా చేయించుకొనమంటే, "దీని ఫలితం ఏదైనా నాకిచ్చే మందు మారుతుందా?" అని అడగండి. మారదని జవాబు వచ్చిన పరీక్షకు డబ్బు చెల్లించనక్కరలేదు.

జన్యుపరీక్షలన్నీ ఇట్లాంటివేనని మాత్రం ఎవరూ భావించరాదు. మలేరియా మరల తిరగబెట్టకుండా ఇచ్చే ప్రైమాక్విన్ మాత్రలు, జి-6-పి.డి. అనే ఎంజైము పుట్టుకతోనే లోపించినవారిలో రక్తకణాలను పగులగొట్టి ప్రమాదం తెస్తాయి. కనుక ముందుగా ఆ లోపం ఉన్నదా అని చూచుట ప్రాణరక్షకం. ఎయిడ్స్ చికిత్సలో అబాకావిర్ మందుకు ముందు ఒక జన్యుపరీక్ష చేయుట కూడా అటువంటిదే. ఫలితాన్నిబట్టి మందు మారుతుంది, లేదా ఆగుతుంది.

ఈ పత్రిక చదివేవారు తప్పక అడిగే ప్రశ్న ఒకటి మిగిలినది: మన మూలికల మాటేమిటి? నేలఉసిరి, కటుకరోహిణి, గలిజేరు, తిప్పతీగ కాలేయానికి హితమని గ్రంథాలు చెబుతున్నవి గదా? నిజమే. నేలఉసిరి మీద 1988లో మద్రాసు పరిశోధకులు లాన్సెట్ పత్రికలో ప్రచురించిన ఫలితం ప్రపంచాన్ని ఆకర్షించినది. కాని అది హెపటైటిస్-బికి సంబంధించినది; పైగా తరువాత ఇతరచోట్ల జరిగిన ప్రయత్నాలలో ఆ ఫలితం నిలబడలేదు. కాలేయ టానిక్కులలో విరివిగా వాడే సిలిమారిన్ అనే విదేశీ మూలికా సారాన్ని, ఇంటర్‌ఫెరాన్‌తో నయంకాని హెపటైటిస్-సి రోగులకు ఎక్కువ మోతాదులో ఇచ్చి చూచారు. ఉత్తుత్తి మాత్రలకంటె అది మెరుగుగా పనిచేయలేదని 2012లో తేలినది. సి-వైరస్‌ను శరీరంనుండి తొలగించినట్లు రుజువైన మూలిక ఈనాటివరకు ఒక్కటీ లేదు. ఆయుర్వేదం మీద గౌరవం ఉన్నవాడినిగానే ఈ మాట చెబుతున్నాను. కషాయాన్ని నమ్ముకొని ఇరవై ఏండ్లు గడిపి, జలోదరంతో వచ్చినవారికి ఆయుర్వేదం తరఫున మనం ఏమి జవాబు చెప్పగలం?

మాత్రలు వాడే ఆ 12 వారాలలో మూలికలు, చూర్ణాలు, భస్మాలు ఏవి పుచ్చుకొంటున్నా డాక్టరుకు దాచక చెప్పవలెను. కొన్ని మందులు సోఫోస్‌బువిర్ శక్తిని తగ్గిస్తాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ అటువంటివి. మనోవ్యాకులతకు విదేశాలలో విరివిగా అమ్మే సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక కూడా ఆ కోవలోనిదే. వెల్పాటస్‌విర్ ఒంటబట్టడానికి కడుపులో ఆమ్లం ఉండవలెను. కనుక ఎసిడిటీ మాత్రలు, శంఖభస్మం వంటివి వాడేవారు ముందుగా చెప్పవలెను. గుండె లయ కొరకు అమియోడరోన్ వాడేవారికి సోఫోస్‌బువిర్ ప్రమాదకరం. మద్యం పూర్తిగా మానవలెను. ఇక లఘువైన ఆహారం, వేళకు నిద్ర, మలబద్ధకం లేకుండా చూచుకొనుట, మనస్సుకు ఊరట. వీటిలో మన పద్ధతులు ఎంతో ఉపకరిస్తాయి, వాటికి ఎవరూ అడ్డు చెప్పరు.

ప్రకృతికీ జన్యువులకూ సంబంధాన్ని వెదికే పరిశోధనలు మన దేశంలో జరుగుతున్నవి. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు ఇతర సంస్థలతో కలిసి 2015లో ప్రచురించిన పరిశోధనలో, వాత, పిత్త, కఫ ప్రకృతులు స్పష్టంగా కనబడిన 262 మంది పురుషుల జన్యువులను పోల్చి చూచి, పిత్తప్రకృతికీ ఒక జన్యువుకూ సంబంధమున్నదని తెలిపారు. ఇది ఆసక్తికరమైన ఆరంభం. దీనిని ఆధారంగా చూపి, 'మీ ప్రకృతి జన్యుపరీక్ష చేసి మందు చెబుతాము' అనేవారు ఎదురైతే, పైన చెప్పిన ప్రశ్ననే వారినీ అడగవలెను. ఇంటర్‌ఫెరాన్ పరీక్షకు వెనుక వేయిమంది రోగుల అనుభవం ఉండి కూడా, మందు మారగానే దాని పని తీరిపోయినది గదా.

చివరగా ఒక వర్గంవారిని గురించి. 2014కు ముందు ఇంటర్‌ఫెరాన్ తీసుకొని 'మీకు పనిచేయలేదు' అనిపించుకొన్నవారు, జన్యుపరీక్షలో టి-టి అని వచ్చి చికిత్సే మొదలుపెట్టనివారు, ఖర్చు విని భయపడి ఫైలును బీరువాలో పెట్టివేసినవారు మన మధ్య ఇంకా ఉన్నారు. అందులో చాలామంది తమకు మందు లేదనే అనుకొంటున్నారు. బంధువులకు కూడా చెప్పక, తమ గ్లాసు, తమ కంచం వేరుగా పెట్టుకొని బ్రతుకుతున్నవారు ఉన్నారు. ఈ వైరస్ కలిసి భోజనం చేసినందున అంటదని వారికి ఎవరూ చెప్పలేదు. పాత ఇంటర్‌ఫెరాన్ విఫలమైనంతమాత్రాన కొత్త మాత్రలు విఫలం కావు. అటువంటి ఫైలు మీ ఇంట ఉన్నచో దానిని బయటకు తీసి, జిల్లా ఆసుపత్రిలోగాని, దగ్గరి వైద్యకళాశాల ఆసుపత్రిలోగాని ఉన్న హెపటైటిస్ చికిత్సాకేంద్రంలో చూపించి, మరల ఒకసారి ఆర్.ఎన్.ఎ. పరీక్ష చేయించండి. వెనుక వాడిన మందుల వివరాలున్న కాగితాలు పారవేయకండి. ఇప్పుడు ఏ మాత్రలు, ఎన్ని వారాలు అనేది నిర్ణయించడానికి డాక్టరు వాటినే మొదట అడుగుతారు.